ఉల్లి పోటీలో నెగ్గే ఉపాయాలు

ఇంగ్లండులో అలాట్‌మెంటు, అంటే కూరగాయలు పెంచుకోవడానికి అద్దెకిచ్చే నేలచెక్క, చేతికొచ్చిన మనవాళ్ళు ముందు గోంగూర వేస్తారు, తర్వాత మెంతికూర. అవి కాస్త కుదిరాక ఊళ్ళో కూరగాయల షోకి ఉల్లిగడ్డలు పట్టుకెళ్దామని ముచ్చటపడతారు. అలాంటివారికే ఈ నాలుగు మాటలు.

అక్కడి పాతకాపులు కెల్సే అనే ఉల్లి రకం విత్తనాన్ని క్రిస్మస్ మర్నాడే లైట్ల కింద విత్తుతారు. ఆ చలిలో మీకెందుకా యాతన? ఏప్రిల్ దాకా దుప్పటి తీయకండి. పగలు బాగా పొడవయ్యేసరికి ఉల్లి ఆకులు వేయడం మానేసి గడ్డ ఊరడం మొదలెడుతుంది. అప్పటికి ఎన్ని ఆకులుంటే లోపల అన్ని పొరలు. మీ మొక్కకు నాలుగే ఉంటాయి, పోనీండి, సాంబారులోకి అచ్చంగా సరిపోతాయి. ఇంకా తొందరగా కావాలంటే కర్నూలు విత్తనం తెప్పించండి. పొట్టి పగళ్ళకు అలవాటుపడ్డ రకం కదా, పదహారు గంటల వెలుతురు చూడగానే గోళీకాయంత ఉండగానే గడ్డ కట్టేస్తుంది.

యూరియా మాత్రం ఆగస్టు దాకా దండిగా చల్లండి. మెడ బొటనవేలంత లావెక్కుతుంది, గడ్డ మెత్తబడుతుంది. ముట్టుకుంటే లోపలికి పోతుందా? లేతదనం అనుకోండి.

2023లో హారోగేట్ షోలో గెర్న్సీ దీవి నుంచి వచ్చిన ఉల్లి ఒకటి 8.97 కిలోలు తూగి ప్రపంచ రికార్డు కొట్టింది. అది బరువు పోటీ. ఊరి షోల్లో సాధారణంగా మూడో ఐదో ఒక సెట్టుగా అడుగుతారు, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండాలంటారు. మీరు పెద్దదొకటి, మధ్యస్తం ఒకటి, బుల్లిదొకటి పెట్టండి, మీ ప్రతిభ అన్ని సైజుల్లోనూ తెలుస్తుంది. 250 గ్రాములు మించకూడదన్న విభాగం కూడా ఉంటుంది. అందులో 262 గ్రాములది పెట్టండి. పన్నెండు గ్రాములు కొసరు. కొసరిస్తే కాదనే మనిషిని మన సంతలో చూశామా? జడ్జి మీ కార్డు మీద ‘ఎన్.ఏ.ఎస్.’ అని రాసిపోతాడు. నాట్ అకార్డింగ్ టు షెడ్యూల్, అంటే షో నియమాలు రాసుండే షెడ్యూలు మీరు చదవలేదని. నిజమే కదా, చదవలేదు.

ముస్తాబు సంగతి. తెలిసినవాళ్ళు మచ్చపడ్డ పైపొర ఒక్కటి తీసి, నిదానంగా ఆరనిస్తారు, పొట్టు అంతా ఒకే రంగు తిరిగేదాకా. మీరు ముందురోజు రాత్రి సీరియల్ చూస్తూ ఒలవడం మొదలెట్టండి. ఒక పొర తీస్తే పక్కదానికి మచ్చ కనిపిస్తుంది, అదీ తీస్తే మూడోది చిన్నబోతుంది, సమం చేసుకుంటూ పోండి. పచ్చ చారలతో తెల్లగా మెరిసేసరికి సీరియల్ అయిపోతుంది. వాళ్ళు మెడ మడిచి రాఫియా నారతో బిగించి, వేళ్ళు మొదలంటా కోసి, గడ్డ దొర్లకుండా ప్లాస్టిక్ గొట్టం ముక్కల మీద నిలబెడతారు. మీకు పాపాయి రబ్బరు బ్యాండు చాలు, గులాబీ రంగుదైతే మరీ మంచిది. స్టీలు పళ్ళెంలో సర్ది, దిష్టి తగలకుండా పక్కన నిమ్మకాయా రెండు పచ్చిమిరపకాయలూ పెట్టండి.

బహుమతి రాకపోతే ఊరుకోవద్దు. జడ్జి నిర్ణయమే తుది అని షెడ్యూలులో ఉంటుంది, దాన్ని మనం ఎలాగూ చదవలేదు. టీ టెంటులో కేకు తింటున్న ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని, ఉల్లి అంటే ఏమిటో తాడేపల్లిగూడెం మార్కెట్ నుంచి మొదలెట్టి వివరంగా చెప్పండి. వచ్చే ఏడూ జడ్జి ఆయనే.