టైరు సిద్ధాంతి

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా వైపు తెలుగువాళ్లుండే గల్లీల్లో దసరా దాటి దీపావళి దగ్గరపడేసరికి ఒక రకం మనిషి బయటపడతాడు. వయసు నలభైకి అటూ ఇటూ. పెద్దలది కరీంనగరో వరంగల్లో నల్లగొండో. కులవృత్తి నేత. ఇప్పుడు పవర్‌లూమ్ కార్ఖానాలో మాస్టరు, కాదంటే రింగ్ రోడ్డు మార్కెట్లో చీరల గుమాస్తా. పిల్లలు మునిసిపల్ కార్పొరేషన్ నడిపే తెలుగు మీడియం బడిలో చదువుతారు, ఇంట్లో తెలంగాణ మాట, వీధిలో హిందీ, శేఠ్ ముందు గుజరాతీ. దీపావళికి మార్కెట్లు లాభపంచమి దాకా తాళాలు తియ్యవు, మగ్గాలైతే ఇంకా కొన్నాళ్లు నిద్రపోతాయి. ఆ సెలవుల్లో బండి మీద ఊరికి పోవాలని ఈయన సంకల్పం. వెయ్యి కిలోమీటర్ల దారి. సంకల్పం చెప్పుకున్న మర్నాడే టైర్లు మార్చాలనిపిస్తుంది, మార్చాలనిపించిన ఘడియ నుంచి ఆయన మామూలు మనిషి కాడు, టైరు సిద్ధాంతి.

సిద్ధాంతిని గుర్తుపట్టడం తేలిక. సిగ్నల్ దగ్గర అందరూ ఎర్రలైటు వంక చూస్తుంటే ఆయన పక్కబండి వెనక చక్రం వంక చూస్తాడు. నిలబెట్టిన బండి కనిపిస్తే ముందు వంగి బొటనవేలి గోరు రబ్బరులోకి గుచ్చుతాడు, ఆ తర్వాతే బండి ఎవరిదని అడుగుతాడు. టైరు గోడ మీది రాతలు జాతకం చదివినట్టు చదువుతాడు. చదవడంలో తప్పు పోడు కూడా, ఆ మాట ఒప్పుకోవాలి. వంద సీసీ బండి వెనక టైరు మీద 80/100-18 54పి అని ఉంటే, వెడల్పు 80 మిల్లీమీటర్లు, ఎత్తు వెడల్పులో నూటికి నూరు, రిమ్ము 18 అంగుళాలు, 54 అంటే మోయగల బరువు 212 కిలోలు, పి అంటే గంటకు 150 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుందని గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాడు. తన బండి 80 దాటితే అద్దాలు వణుకుతాయన్న సంగతి ఆయన లెక్కలోకి రాదు. కొత్త టైరు మీద నిలబడి ఉండే సన్నటి రబ్బరు వెంట్రుకలు కూడా ఆయనకు శకునమే. ఇంత చదివాక అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: "అన్నా, గిది ఎన్ని వేల కిలోమీటర్లు వస్తది?" ఎమ్మారెఫ్ ఎక్కువ వస్తుందా, సియట్ ఎక్కువ వస్తుందా, టీవీఎస్ సంగతేమిటి, అపోలో వాళ్లు గుజరాత్‌లోనే చేస్తున్నారు కాబట్టి ఇక్కడి ఎండ దానికి అలవాటేనా? షాపువాడు ఒక అంకె చెబుతాడు. ఆ అంకె పట్టుకుని ఇంకో షాపుకు పోతాడు. ఇలా ఉధ్నా దర్వాజా నుంచి పర్వత్ పాటియా దాకా సాగుతుంది.

ఆయన చదువు మీద నాకు ఫిర్యాదు లేదు. ప్రశ్న మీదే ఉంది. దారి పొడవు, టైరు ఆయుష్షు ఒకటే లెక్క అనుకోవడంలో ఉంది తిరకాసు. వంద సీసీ బండికి సరైన గాలితో, ఒద్దికగా నడిపితే వెనక టైరు ఇరవై వేల కిలోమీటర్ల పైన నడవడం విశేషమేమీ కాదు. సూరత్ నుంచి ఊరికి పోయిరావడం రెండు వేలు, చుట్టాల ఇళ్లు తిరగడానికి ఇంకో రెండు మూడు వందలు వేసుకోండి. అంటే ప్రయాణమంతా కలిపి తినేది టైరు జీవితంలో పదో వంతో, కాస్త ఎక్కువో. ఒకటి ఇరవై అయిదు వేలు, ఇంకొకటి ముప్పై వేలు వస్తుందని మూడు వారాలు తర్కించి సాధించిన తేడా ఈ ప్రయాణానికి సంబంధించినదే కాదు. ఆ తేడా తేలేది రెండేళ్ల తర్వాత, పాండేసరా పనికి పోయే రోడ్డు మీద. అరగడం వల్ల దారిలో ఆగిపోయే టైరంటూ ఉంటే అది బయల్దేరే ముందే గుండయిన టైరు. గాడుల అడుగున చిన్న దిమ్మలు ఉంటాయి, పై రబ్బరు అరిగి వాటితో సమానమైతే పని అయిపోయినట్టు. అవి ఎక్కడున్నాయో చూపడానికి గోడ మీద టీడబ్ల్యూఐ గుర్తు వేసి మరీ ఇస్తారు. అరుగుదల ఇంత మర్యాదగా, ముందే కబురు చేసి వస్తుంది. దారిలో ముంచేది అది కాదు.

ముంచేదేమిటో ఈ ఊళ్లో అందరికన్నా ముందు ఆయనకే తెలియాలి. నాకు నవ్వొచ్చేదీ, కాస్త కోపమొచ్చేదీ అక్కడే. టైరంటే రబ్బరు కాదు, గుడ్డ. రబ్బరు పట్టించిన గుడ్డ. బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ కొడుకు మూడు చక్రాల సైకిల్ కోసం గాలి టైరు చేసి 1888లో పేటెంట్ తీసుకున్నప్పుడు, రబ్బరు గొట్టానికి గుడ్డ చుట్టే చేశాడు. తొలిరోజుల టైర్లలో మామూలు నేత కాన్వాసు పెడితే పడుగూ పేకా ఒకదాన్నొకటి ఒరుసుకుని తెగిపోయేవి. అందుకని పడుగు దండిగా ఉంచి, పోగులు చెదిరిపోకుండా పట్టి ఉంచడానికి మాత్రం సన్నటి పేక అక్కడొకటి ఇక్కడొకటి వేసే పద్ధతి వచ్చింది. ఇప్పుడు మన వంద సీసీ బండి టైరులో ఉండేది అలాంటి నైలాన్ పొరలే, ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా, ఎదురెదురు దిక్కులకు పరిచినవి. దాని దారం 840, 1260 డెనియర్లలో వస్తుంది. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లని సూరత్‌లో కుర్రవాడికైనా తెలుసు, చీరల్లో పోసే పాలిస్టర్ నూలు దీని ముందు సాలెగూడు. చీర కొంగును రెండు వేళ్ల మధ్య నలిపి, ఇది ఫలానా నూలు, ఫలానా మగ్గం అని చెప్పగలిగిన మనిషి టైరు దగ్గరికి వచ్చేసరికి లోపలి నేతను వదిలేసి పైనున్న రబ్బరును గోటితో గీకి తీర్పు చెబుతాడు. పద్మశాలి ఇంట పుట్టి చెయ్యాల్సిన పనేనా ఇది?

ఆ నేతకు శత్రువు దూరం కాదు, వేడి. చక్రం తిరుగుతుంటే నేలకు ఆనిన భాగం ప్రతి చుట్టులోనూ ఒకసారి అణుగుతుంది, మళ్లీ లేస్తుంది. 18 అంగుళాల రిమ్ము టైరు కిలోమీటరుకు 500 చుట్ల పైచిలుకు తిరుగుతుంది కాబట్టి, ఊరు చేరేసరికి టైరులోని ప్రతి పోగూ అయిదు లక్షల సార్లు వంగి లేస్తుంది. గాలి సరిగా ఉంటే ఆ వంగడం కొద్దిగానే ఉంటుంది. గాలి తగ్గితే గోడలు ఎక్కువ నలుగుతాయి, నలిగినకొద్దీ వేడి పుడుతుంది, వేడికి పోగుకూ రబ్బరుకూ మధ్య పట్టు సడలుతుంది. పైకి గ్రిప్పు కొత్త పెళ్లికూతురి చీర అంచులా మెరుస్తూనే ఉంటుంది, లోపల పొరలు విడిపోతాయి. ఒకనాడు గోడ మీద బొడిపె లేస్తుంది. ఆ బొడిపె నవాపూర్ దాటాక, కొండాయిబారి ఘాట్‌లో లారీల మధ్య లేస్తే, ముప్పై వేల కిలోమీటర్ల హామీ ఎవరికి చూపించుకోవాలి? గాలి మరీ ఎక్కువైనా చిక్కే, నడిమి పట్టీ ఒక్కటే నేలకు ఆని అదే అరుగుతుంది. ఎంత గాలి ఉండాలో బండి మీద అంటించిన కాగితం చెబుతుంది, ఒక్కరికి ఒక అంకె, ఇద్దరికి ఇంకో అంకె. సిద్ధాంతి టైరు మీది ప్రతి అక్షరం చదువుతాడు గానీ ఆ కాగితం చదవడు. గాలి ఎప్పుడు కొట్టించారంటే, "మొన్ననే" అంటాడు. ఆ మొన్న ఉత్తరాయణానికి ముందుది. పైగా నైట్రోజన్ కొట్టించానని గొప్ప. మామూలు గాలిలో నూటికి 78 పాళ్లు నైట్రోజనే కదా, ఊరికే దొరికే ఆ 78 పాళ్లనైనా వారానికోసారి చూసుకుంటే ఆయన టైరు ఏ కంపెనీదైనా సుఖంగా బతుకుతుంది. గేజి పెట్టి చూడడం కూడా పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే. నలభై కిలోమీటర్లు తోలి వచ్చి చూస్తే వేడికి గాలి వ్యాకోచించి అంకె నిండుగానే కనిపిస్తుంది.

దీనికి ఎదురు చెప్పేవాళ్లున్నారు, వాళ్లూ పిచ్చివాళ్లు కారు. పెద్ద బండ్ల మీద సూరత్ నుంచి లేహ్ దాకా పోయే కుర్రవాళ్లు ఉన్నారు కదా, వాళ్ల టైర్లు మెత్తన, ఎనిమిది పది వేలకే అరుగుతాయి, వాళ్లు ఆయుష్షు అడగొద్దా అంటారు. అడగాలి. పోయిరావడానికే నాలుగయిదు వేల కిలోమీటర్లు పట్టే దారికి సగం అరిగిన టైరుతో పోవడం తెలివితక్కువ. వాళ్ల కోసమే నడుమ గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తటి రబ్బరు పోసిన టైర్లు వచ్చాయి. తిన్నటి రోడ్డు మీద గట్టిది అరుగుతుంది, మలుపులో వాలినప్పుడు మెత్తది పట్టుకుంటుంది. కానీ అక్కడ కూడా ఎక్కువ కాలం వచ్చేది కావాలంటే ఏదో ఒకటి వదులుకోవాలి. రబ్బరును గట్టిపరిస్తే తడిరోడ్డు మీద పట్టు తగ్గుతుంది. వానాకాలంలో తాపీ నది వంతెనల మీద బ్రేకు నొక్కి చూసినవారికి వేరే చెప్పక్కర్లేదు. అయినా మన సిద్ధాంతి నడిపేది లేహ్‌కు పోయే బండి కాదు. ఆ బండివాళ్ల భయాన్ని అప్పు తెచ్చుకుని తన వంద సీసీ బండికి తగిలిస్తున్నాడు.

ఇంకొకరు డబ్బు సంగతి ఎత్తుతారు: నెలజీతం మగ్గం మీద బతికేవాడు కిలోమీటరుకు ఎంత పడుతుందో చూసుకుంటే తప్పా? తప్పెలా అవుతుంది! వెనక సీటు మీద అద్దకం వెయ్యని గ్రే గుడ్డ తానులు తాడుతో కట్టుకుని కార్ఖానా నుంచి మార్కెట్‌కు రోజుకు నాలుగు ట్రిప్పులు వేసే మనిషికి ఆయుష్షే ముఖ్యం, ఆయన గట్టి టైరే కొనాలి. అది రోజువారీ బతుకు లెక్క. దూరప్రయాణం లెక్క అది కాదు. ఇక జాగ్రత్త మంచిదే కదా అనే మూడో మాట ఉంది. సంక్రాంతికి గాలిపటాల మాంజా మెడకు చుట్టుకోకుండా సూరత్‌వాళ్లు హ్యాండిల్‌కు ఇనుపతీగను కమానులా వంచి బిగిస్తారు. నాలుగు డబ్బుల తీగ, ప్రమాదం ఎక్కడ నుంచి వస్తుందో అక్కడే అడ్డం నిలబడుతుంది. జాగ్రత్తంటే అది. మేకు దిగితే ఏం చెయ్యాలో ఆలోచించకుండా, ట్యూబ్‌లెస్ టైరుకు పంక్చర్ వేసే జిగురుపట్టీల డబ్బా కొనకుండా, అయిదేళ్ల తర్వాత టైరు ఎలా ఉంటుందోనని బెంగపడడాన్ని నేను ఆ కోవలో వెయ్యలేను. మరీ ముఖ్యంగా, ఆయుష్షు వెతికే ఈయన పుట్టినతేదీ చూడడు. గోడ మీద నాలుగంకెలుంటాయి, 1824 అంటే 2024లో పద్దెనిమిదో వారం తయారీ. తక్కువ ధరకు వచ్చిందని మురిసి కొన్న టైరు నాలుగేళ్లు గోదాములో పడుకుని లేచినదైతే, దాని రబ్బరు నడవకుండానే సగం ముసలిదై ఉంటుంది.

ఇంత గొడవెందుకు, సూరత్‌లో ఎక్కితే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ తిన్నగా వరంగల్లులో దింపుతుంది కదా అని ఇంట్లోవాళ్లు అనడం మామూలే. అందులో నేను సిద్ధాంతి పక్షం. దీపావళి సెలవుల్లో సూరత్, ఉధ్నా స్టేషన్లు చూసినవాళ్లు ఆ సలహా ఇవ్వరు. ఊళ్లో బండి చేతికింద ఉంటే అత్తగారిల్లు, మేనమామ ఇల్లు, సిరిసిల్ల, వేములవాడ అన్నీ ఆయన ఇష్టం. కాబట్టి పోనీ, బండి మీదే పోనీ. టైరు మీద గ్రిప్పు ఉండి, గోడల మీద పగుళ్లు లేకపోతే పాత టైరుతోనే పోనీ. మిగిలిన డబ్బుతో ఒక గేజి, చేతిపంపు, కొత్త వాల్వ్ కొనుక్కుని, ఇద్దరికి చెప్పిన గాలి కొట్టించుకుని పోనీ. బరువు సంగతి ఒక్కటే తేలాలి. ఆ 212 కిలోలు నిండుగా గాలి ఉన్నప్పటి మాట. బండి, ఆయన, ఆవిడ, వాళ్ల సంచులు, ఆ పైన వెనక క్యారియర్ మీద నలభై కిలోల చీరల మూట. మూటను రైలు పార్సిల్‌లో వెయ్యమంటే టైరుకు ఏ కంపెనీ చెయ్యలేనంత మేలు. ఆ ఒక్కటి ఆయన వినడు. మూటలో అత్తగారి చీర ఉంది, అది ఆయన కంటే ముందు ఊరు చేరడానికి వీల్లేదు, వెనక చేరడానికి అసలే వీల్లేదు.