రంగు పోవాలి

మా వైపు చీర కొనేటప్పుడు ధరకంటే ముందు అడిగే మాట ఒకటుంది: "రంగు పోదు గదా?" చీరాలలో అడుగుతారు, మంగళగిరిలో అడుగుతారు. గుడ్డకు ఆ ప్రశ్న న్యాయమే. దాన్ని కాగితం మీదికి కూడా తెచ్చాం. అందుకే మన పిల్లలు చేసే గ్రీటింగు కార్డులు కొట్లో కొన్న వాటిలా బిగుసుకుపోయి ఉంటున్నాయని నా నమ్మకం. ఏటా వేసవి సెలవుల్లో చిలకలూరిపేటలో పిల్లలకు బొమ్మలు నేర్పుతాను. నీళ్లలో కరిగే క్రేయాన్లు, వాటర్‌కలర్ పెన్సిళ్లు, అచ్చులు ముందేసుకుని కార్డులు చేయించడం అందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. నేను చెప్పేవి పెట్టె మీది సూచనలకు ఎదురుగా ఉంటాయి, తోటి డ్రాయింగు మాస్టార్లు ఒప్పుకోరు. అయినా చెబుతాను. కార్డు మీద రంగు పోవాలి.

సిరాతో మొదలుపెడదాం. అచ్చు వేశాక తడి తగిలినా చెదరని సిరా కొనమంటారు అందరూ. కొనకండి. రబ్బరు స్టాంపులు చేసే కొట్లో దొరికే ఊదారంగు ప్యాడ్ తెచ్చుకోండి, మిర్చి కమీషన్ కొట్లో బల్ల మీద ఉండే రకం. అందులో ఉన్నది నీళ్లు, గ్లిజరిను, నీళ్లలో కరిగే రంగు. దానితో ఆకో, పిట్టో అచ్చు వేసి, లోపల పసుపుపచ్చ క్రేయాన్ కొంచెం రుద్ది, తడి కుంచెతో గీతను ఒక్క వైపే తాకండి. ఆ వైపు గీత కరిగి పసుపులోకి దిగుతుంది, రెండో వైపు నిలబడే ఉంటుంది. సాయంత్రం పూట చెట్టు ఒక పక్క వెలుగులో కలిసిపోయి, ఇంకో పక్క నల్లగా నిలిచినట్టు ఉంటుంది చూడటానికి. చెదరని సిరాతో ఇది రాదు. చుట్టూ కంచె కట్టి లోపల రంగు నింపినట్టే ఉంటుంది.

ఆ ఊదారంగు వెలుగుకు వెలిసిపోతుంది, నిజమే. కార్డు గోడకు కట్టే పటం కాదు గదా. చదువుకుని బీరువాలో చీరల మడతల మధ్య దాచుకునేది. అక్కడ ఎండ తగలదు.

క్రేయాన్ల విషయంలోనూ ఇంతే. మామూలు మైనపు క్రేయాను నీటిని నెట్టేస్తుంది. నీళ్లలో కరిగే దానిలో రంగుపొడిని పట్టి ఉంచే పదార్థం తడికి లొంగేలా చేస్తారు, కుంచె తగలగానే గీత కాస్తా పూతవుతుంది. ఈ ఆలోచన పాతదే. స్విట్జర్లాండులో కారన్ డాష్ వాళ్లు నీళ్లలో కరిగే రంగు పెన్సిళ్లను, ప్రిస్మాలో అనే పేరుతో, 1931లో తెచ్చారు. అదే 1931లో బొంబాయిలో దండేకర్లు నీళ్లలో కలుపుకునే సిరా పొడితో మొదలుపెట్టిన వ్యాపారమే తరవాత కామ్లిన్ అయింది. మన బళ్లలో రంగుపెట్టె అంటే చాలాకాలం ఆ ఇంటిదే.

క్రేయాన్లను చల్లటి చోట దాచమని రాస్తారు. ఏప్రిల్, మే నెలల్లో మా పల్నాడులో చల్లటి చోటు ఎక్కడుంది? వసారాలో ఎండ పొడలో పది నిమిషాలు పెట్టండి. మెత్తబడిన క్రేయానును నేరుగా రబ్బరు అచ్చు మీద రుద్దితే చిక్కగా అంటుకుంటుంది. గట్టిగా ఉన్నప్పుడు రబ్బరు మీద జారిపోయేది ఇదే. తరవాత నీళ్లు చల్లే సీసా కోసం వెతకొద్దు. అచ్చును నోటి దగ్గర పెట్టుకుని, కళ్లద్దాలు తుడుచుకునేటప్పుడు ఊదినట్టు, "హా" అని ఊదండి. ఆ ఆవిరి చాలు. కాగితం మీద అద్దితే మధ్య మధ్య తెల్లటి చుక్కలు వదిలేస్తూ, పాత గోడ మీది సున్నంలా పడుతుంది. రెండోసారి మళ్లీ రుద్దకుండా, మళ్లీ ఊది అద్దండి. మూడోది వెలిసిపోయి వస్తుంది. మూడింట్లో నాకు నచ్చేది ఎప్పుడూ ఆ మూడోదే. అచ్చును తుడవకండి. పాత రంగు సందుల్లో ఉండి తరవాతి రంగులో కలవాలి.

రబ్బరు అచ్చు లేకపోతే బెండకాయ ఉంది. దాన్ని అడ్డంగా కోస్తే పూవు. కోశాక జిగురు ఆరనివ్వండి, గుడ్డతో అద్దండి అంటారు. నేను ఆ జిగురు కోసమే బెండకాయ కోస్తాను. పళ్లెంలో క్రేయాను రుద్ది, నాలుగు చుక్కలు నీళ్లు వేసి, జిగురు కారుతున్న ముక్కనే అందులో ముంచితే రంగు చిక్కబడి రేకు అంచున గట్టులా ఆరుతుంది.

కాగితం దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇది మన పంట. నీటిరంగులకు మేలైన కాగితం నూటికి నూరుపాళ్లు పత్తిది. జిన్నింగు మిల్లులో దూది తీశాక కూడా గింజను అంటుకుని పొట్టి నూగు మిగులుతుంది. నూలు వడకడానికి పనికిరాని ఆ నూగును గుజ్జు చేసి కాగితానికి వాడతారు. బనియన్ల కోతల్లో మిగిలిన గుడ్డపేలికలతోనూ చేతికాగితం చేస్తారు. పరుచూరు నల్లరేగడిలో కాసిన పత్తి ఏ దేశం తిరిగి ఏ బొమ్మల కాగితమై వస్తుందో అని పిల్లలకు చెబితే కళ్లు పెద్దవి చేసుకుని వింటారు.

ఖరీదైన కాగితానికి రంగు వెంటనే ఇంకిపోకుండా జిలాటిన్ పట్టిస్తారు. మీరు చవక చేతికాగితమే కొనండి. అది అద్దుడు కాగితంలా తాగేస్తుందని వద్దంటారు. తాగనివ్వండి, సగం మేర. మిగతా సగానికి గంజి పెట్టండి. నేతచీరకు పెట్టే గంజే, పలచగా, బట్టతో రాసి, ఆరాక గాజు గ్లాసు అడుగుతో గట్టిగా రుద్దండి. మన దేశంలో పాతకాలపు కాగితాలకు గంజి పట్టించి, రాతితో మెరుగుపెట్టేవారు. ఇప్పుడు ఒకే అచ్చును గంజి ఉన్న సగం మీద, లేని సగం మీద పడేలా అద్ది తడపండి. ఒక పక్క రంగు పైన నిలిచి మెరుస్తుంది, ఇంకో పక్క నూలుపోగుల్లోకి పాకి మసకబారుతుంది. ఒకే పిట్ట సగం ఎండలో, సగం మంచులో. గంజికి పురుగు వస్తుంది కాబట్టి బీరువాలో కార్డు పక్కన నాలుగు వేపాకులు పెట్టమని వెనక రాయండి.

పత్తిపూవు కార్డు చేసేవాళ్లకు ఒక మాట. ఒక్కరోజులో పూర్తి చేయకండి. చేలో పూవు మొదటిరోజు తెల్లగా, మీగడరంగులో విచ్చుకుంటుంది, మర్నాటికి గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ గులాబీ నీళ్లలో కరిగే రంగే. కాబట్టి మొదటిరోజు లేత పసుపు ఒక్కటే అద్ది వదిలేయండి. రెండో రోజు అదే పూవు మీద గులాబీ క్రేయాను రుద్ది తడిపితే కింది పసుపు మళ్లీ లేచి అందులో కలుస్తుంది. పాత రంగు మళ్లీ కరగడం ఈ క్రేయాన్ల లోపమని అంటారు. పత్తిపూవు వేయడానికి అంతకంటే మంచి గుణం లేదు.

మిరప దగ్గర మాత్రం నా సలహా నాకే అడ్డం తిరిగింది. మిరప ఎరుపు నీటికి లొంగదు. ఆవకాయ జాడీ తీస్తే ఎరుపంతా నూనెలో తేలుతుంది, అది తెలియని ఇల్లు మనకు లేదు. కారప్పొడి నీళ్లలో కలిపి పూత వేద్దామని పిల్లలు అడుగుతారు. రంగు రాదు, కళ్లు మండుతాయి, కారాన్ని బల్ల దగ్గరికి రానివ్వకండి. ఎరుపు క్రేయాన్లతోనే కల్లాలు వేయించాను ఒకసారి. ఎండబోసిన కాయ, పైన మాఘమాసపు ఆకాశం. ఎప్పటిలాగే నీళ్లు పోయించాను. ఎరుపు పలచబడి, కిందికి జారి, నా కంటికి చాలా బాగుంది. పిల్లను తీసుకుపోవడానికి వచ్చిన నాయనమ్మ ఆ కార్డు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"కల్లంలో వాన పడ్డట్టుందమ్మా," అంది. "ఇంక ఇదంతా తాలే."

రంగు వెలిసి తెల్లబారిన కాయను తాలు అంటారు. ఎర్రకాయతో పోలిస్తే దానికి వచ్చే ధర ఎంతో మిర్చి రైతును అడగక్కర్లేదు, మొహం చూస్తే తెలుస్తుంది. ఏడాది కష్టం ఎండడానికి పోసి ఉండగా మబ్బు పట్టిన రాత్రి పట్టాలు పట్టుకుని పరుగెత్తిన మనిషి ఆమె. అప్పటినుంచి కల్లం వేసే కార్డులో ఎరుపును పొడిగానే ఉంచమంటున్నాను. గట్టిగా రుద్దండి, కాగితం గరుకు కనపడనివ్వండి. నీళ్లు ఆకాశానికి చాలు. పోవాల్సిన రంగేదో, పోకూడని రంగేదో కార్డు అందుకునే మనిషిని బట్టి ఉంటుందని ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

నిలిచే రంగును నేను చిన్నచూపు చూస్తున్నానని అనుకోవద్దు. నిలిచే రంగుకు పేరుపడిన నేల ఇది. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న నిజాంపట్నాన్ని విదేశీ వర్తకులు పెటపోలి అని రాసుకునేవారు. 1606లో డచ్చివాళ్లు అక్కడ కొట్టు పెట్టారు. 1611లో ఇంగ్లీషువాళ్ల గ్లోబ్ ఓడ బందరుకు వెళ్లేముందు అక్కడే ఆగింది. వాళ్లకు కావలసింది మన అద్దకపు బట్టలు. ఆ బట్టల ఎరుపు ఇసుకనేలలో పెరిగే చిరువేరుది, పటిక పట్టించడం వల్ల ఎన్ని ఉతుకులకైనా పోయేది కాదు. ఈనాటికీ పెడనలో గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచి, చెక్క అచ్చులతో అద్ది, ఉడికించి, పారే నీళ్లలో ఉతికి ఆరేస్తారు. ఆ పని ముందు చేతులు జోడిస్తాను. గుడ్డ ఒంటి మీద ఉండి, చెమటకు తడిసి, రాతి మీద దెబ్బలు తినాలి. కార్డుకు ఆ పరీక్షలేవీ లేవు. లేని పరీక్షకు పిల్లను సిద్ధం చేస్తే ఆమె చెయ్యి భయంతో బిగుస్తుంది.

పెళ్లి శుభలేఖ నాలుగు మూలలా పసుపు తడిపి రాస్తాం గదా, నాకు తెలిసి మన ఇళ్లలో నీటిరంగు పని అదే. పక్కకు కారుతుంది, వేలిముద్ర పడుతుంది, కవరుకు అంటుకుంటుంది, నాలుగు రోజులు ఎండ తగిలితే వెలిసిపోతుంది. అయినా ఎవరూ రంగు పోయిందని శుభలేఖ వెనక్కి పంపరు. మీ కార్డు మూలల్లోనూ పసుపు రాయండి. ఆరకముందే ఒక మూల సున్నపుతేట చుక్క వేయండి, పారాణిలా ఎర్రబడుతుంది.

పైన ప్లాస్టిక్ తొడుగు వేయకండి, వార్నిషు కొట్టకండి. చివర్లో గ్లాసులో మిగిలే నీళ్లు ఉంటాయి చూశారూ, అన్ని రంగులూ కలిసి మట్టి కలిపినట్టు అయినవి, పారబోయకండి. వెడల్పు కుంచెతో కవరు లోపలి పక్క పూయండి. పత్తి చేను దున్నాక తొలి వాన తడిపిన రంగు వస్తుంది. ఆరాక కార్డు అందులో పెట్టి పోస్టు చేయండి.