త్రీ నాట్ వన్ గారు

ప్రతి వెబ్‌సైటు ఆఫీసులోనూ ఒకాయన ఉంటాడు. సైటు సవ్యంగా నడిచినన్నాళ్లూ ఆయనున్న సంగతే ఎవరికీ పట్టదు. ‘లింకులన్నీ మార్చేద్దాం, కొత్తగా ఉంటుంది’ అని యాజమాన్యం నోరు జారిందో, ఎక్సెల్ షీటు పట్టుకుని ఎక్కణ్నుంచో ఊడిపడతాడు. మా వార్తల సైటులో ఆయన పేరు త్రీ నాట్ వన్ గారు. పాత చిరునామాకి వచ్చినవాణ్ని శాశ్వతంగా కొత్తచోటికి పంపే సంకేతం 301. తాత్కాలికంగా పంపేది 302. ఎవరైనా 302 పెట్టారని తెలిస్తే ఆయనకి బీపీ లేస్తుంది. ‘తాత్కాలికమంటే మళ్లీ వెనక్కొస్తామనేగా అర్థం! గూగుల్‌తో దోబూచులాడతారా?’

ఇంటి దగ్గరా ఇదే వరస. చిక్కడపల్లి నుంచి మియాపూర్‌కి మారి ఏళ్లు గడిచినా, పాత ఇంటి గేటుకి కొత్త చిరునామా చీటీ వేలాడుతూనే ఉంది. వానాకాలం ముందు వెళ్లి లామినేషన్ మార్పించి మరీ వస్తాడు. ఇక చాలు కదండీ అంటే, ‘గూగులే కనీసం ఏడాది ఉంచమంటుంది. మనం మనుషులం!’ అంటాడు.

ఆయన బల్ల పక్కన గోడకి ఓ ఇంగ్లీషు వ్యాసం అంటించి ఉంటుంది. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లో రాసింది. మంచి చిరునామా మారకూడదన్నది దాని సారాంశం. ఆ వ్యాసం ఇప్పటికీ అదే చిరునామాలో ఉందని కొత్తవాళ్లందరికీ తెరిచి చూపిస్తాడు. మరి మనమెందుకు మారుస్తున్నామని అడిగితే, ఎం.డి. గారి గది వైపు ఒక్క చూపు చూసి ఊరుకుంటాడు.

ఆ ఎం.డి. గారే ఉగాదికి కొత్త సైటు అన్నారు. పంతులుగారు సరేనన్నారు. ఈయన అనలేదు. ‘ఆ రోజు జనమంతా రాశిఫలాల మీద పడతారు సార్. మన ఆదాయం ఆ పేజీలోనే ఉంది. అది కాస్తా ‘పేజీ దొరకలేదు’ అనే 404 అయిందంటే మనకి మిగిలేది అవమానమే.’ ఆ తర్వాత పదో తరగతి ఫలితాలు అడ్డం, ఇంటర్ ఫలితాలు అడ్డం. చివరికి ఆషాఢంలో, ఎవరూ ఏ శుభకార్యమూ తలపెట్టని ఓ మంగళవారం తెల్లవారుజాము ఖాయం చేశాడు. పంతులుగారు ఇప్పటికీ ఆయనతో మాట్లాడరు.

మా పాత లింకుల్లో శీర్షిక తెలుగులోనే ఉండేది. చూడ్డానికి ముచ్చటే. తీసి వాట్సాప్‌లో పెడితే మాత్రం ఒక్కో అక్షరానికీ, కొమ్ముకీ, ఎత్వానికీ తొమ్మిదేసి గుర్తులు లేస్తాయి: పర్సెంటు ఈ సున్నా, పర్సెంటు బి సున్నా, పర్సెంటు ఎనిమిది ఐదు... ఇదంతా కలిపి ఒక్క ‘అ’. ‘తెలుగు’ అని రాయడానికి 54 గుర్తులు! ఆ చాంతాడుని మేం చూసి కళ్లు తిప్పుకుంటే, ఆయన గడగడా చదివేసి ‘ఇది మొన్నటి గోంగూర వార్త కదూ’ అంటాడు.

కుర్ర డెవలపరొకడు ‘పాతవన్నీ కట్టగట్టి హోంపేజీకి తోసేద్దాం సార్’ అన్నాడు పాపం. ‘చేపల పులుసు కోసం వచ్చినవాణ్ని హోంపేజీలో దింపితే ఏం వండుకుంటాడయ్యా? అలా తోసినవాటిని గూగుల్ 404 కిందే జమకడుతుంది’ అని మొదలెట్టి, యూనికోడ్ రాకముందు సొంత ఫాంట్లతో నడిచిన పేజీల దగ్గర్నుంచీ చరిత్ర ఎత్తుకున్నాడు. అక్కణ్నుంచి ఇక్కడికి, ఇక్కణ్నుంచి ఇంకోచోటికి అంటూ గొలుసు కట్టిస్తే గూగుల్ బాట్ పది గెంతుల దాకా ఓర్చుకుంటుందిట. ఈయన ఒక్క గెంతే ఒప్పుకుంటాడు. ఆ కుర్రాడు ఆ పూట భోజనానికి లేవలేదు.

మార్చిన రాత్రి ఆయన చూసింది ముఖ్యంగా ఒక్క లైనే. పరీక్ష కోసం కట్టిన సైటులోకి గూగుల్ రాకుండా ‘డిస్అలౌ స్లాష్’ అని రాసి ఉంచుతారు. అది అలాగే అసలు సైటులోకి వచ్చేస్తే గూగుల్ గుమ్మంలోనే ఆగిపోతుంది. తీసేశారని తెలుసు, తీసేసింది తనే. అయినా టీ తాగుతూ చూశాడు, తాగాక చూశాడు, లిఫ్ట్ ఎక్కి మళ్లీ దిగొచ్చి చూశాడు. నిజం చెప్పాలంటే, ఆ రాత్రి ఆయన్ని చూస్తే ముద్దొచ్చింది.

ఇక నా కడుపుమంట సంగతి. ఆ ఎక్సెల్ షీటులో నా వ్యంగ్య శీర్షిక మొత్తానికి ఎర్ర రంగు పూసి ‘410’ అని రాశాడు. అంటే ఇక లేదు, పోయింది, వెతక్కండి అని గూగుల్‌కి చెప్పడం. ఎవరో పాఠకురాలు పంపిన చేపల పులుసుకి మాత్రం ఆకుపచ్చ రంగు, 301! ‘ఏమనుకోకండి మాస్టారూ, మీవాటికి చదివేవాళ్లు లేరు, బయటి నుంచి లింకులూ లేవు. పులుసుకి రెండూ ఉన్నాయి.’

లింకే కదా కావాల్సింది, మా బావమరిదికి ఫోన్ చేశాను. వాడి ట్రావెల్స్ సైటులో, తిరుపతి ప్యాకేజీకీ అరకు ప్యాకేజీకీ మధ్య, నా శీర్షికకి ఓ లింకు పెట్టించాను. మర్నాడు పొద్దున్నే త్రీ నాట్ వన్ గారు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

‘మీ బావమరిదిగారిదేనా ఆ సైటు?’

నేను పేపర్లోంచి తలెత్తలేదు.

‘మీ శీర్షికని 301లోకి మార్చాను లెండి. కానీ లింకు పెట్టించేవారు సరిగ్గా పెట్టించాలి కదా మాస్టారూ, హెచ్‌టీటీపీ తర్వాత ఎస్ ఏదండీ?’