ఆ అరగంటను తీసేసింది నేనే

2024 ఆగస్టు 5న పాల్వంచలో కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్) పాత స్టేషన్ కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. 1966లో ఒక్క యూనిట్‌తో మొదలై ఎనిమిది యూనిట్లకు, 720 మెగావాట్లకు పెరిగిన స్టేషన్ అది. ఆ వీడియో నా ఫోనుకు చాలామంది పంపారు. ఇనుము తుక్కుకు పోతుంది, స్థలం ఇంకో పనికొస్తుంది. అక్కడ జీవితమంతా పనిచేసినవాళ్ల చేతుల్లో ఉన్న తెలివి ఎటు పోయిందన్న ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఏ వాల్వును పావు తిప్పు తిప్పి ఆగాలి, ఏ బేరింగ్ చప్పుడు మారితే ఎవరికి ఫోన్ చేయాలి అన్నది ఏ టెండరులోనూ ఉండదు. ఈ మాట అడిగే అర్హత నాకు ఉందో లేదో కూడా చెప్పాలి. అంతకంటే చాలా చిన్న చోట, అలాంటి తెలివిని నేనే నా సంతకంతో బయటికి పంపించాను. ఇన్నాళ్లూ పైకి చెప్పలేదు.

మాది సిస్టమ్స్ ఇంజనీరింగ్ పని. పంపు ఒకరిది, మోటారు ఒకరిది, సెన్సర్ ఇంకొకరిది. వాటన్నింటినీ ఒక్క యంత్రంలా నడిపించడం మా వంతు. కొత్తగూడెం నుంచి మణుగూరు వరకూ, ఇటు సారపాక వరకూ ఈ అడవి అంచున ఇలాంటి పనికి కొదవ లేదు. సింగరేణి బొగ్గు, పాల్వంచ కరెంటు, సారపాక కాగితం, అశ్వాపురం భారజలం, వీటన్నింటి మధ్యనా గోదావరి. నేను చెప్పబోయే ప్లాంటు పేరు, మా కంపెనీ పేరు చెప్పను. తప్పు నాది కాబట్టి వాళ్ల పేర్లతో పని లేదు.

నది ఒడ్డున ఒక పంప్ హౌస్. పాత రిలే ప్యానెళ్లు తీసేసి, పంపులను ప్రోగ్రాముతో నడిపే పీఎల్‌సీ పెట్టాలి, లాగ్ బుక్ బదులు కంప్యూటర్ పెట్టాలి. దాంతోపాటు మా ఆఫీసులో నాకు ఇంకో బాధ్యత ఇచ్చారు: నాలెడ్జ్ మేనేజ్‌మెంట్. ప్రతి సైటులో ఉన్న తెలివినంతా పోగుచేసి సర్వర్‌లో పెట్టాలి, ఎవరికి ఎప్పుడు కావాలన్నా దొరకాలి. అంతకన్నా గొప్ప పని లేదనుకున్నాను. ఫారాలు తయారుచేశాను, ఫోల్డర్లు చేశాను. ఎన్ని పత్రాలు ఎక్కాయో నెలనెలా మీటింగులో గ్రాఫు చూపించేవాణ్ణి. గ్రాఫు పెరిగేది. ఆ పత్రాలను తెరిచి చదివినవాళ్లు ఎందరని నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

ఆ పంప్ హౌస్‌లో షిఫ్టు మారేటప్పుడు ఒక అరగంట ఇద్దరు ఆపరేటర్లూ ఉండేవారు. దిగేవాడు వెంటనే వెళ్లేవాడు కాదు, ఎక్కేవాడు వెంటనే కుర్చీలో కూర్చునేవాడు కాదు. టీ తెచ్చుకుని ఇద్దరూ పంపుల మధ్య నడిచేవారు. ఒకడు మోటారు మీద చెయ్యి పెట్టి చూపించేవాడు, ఇంకొకడు వంగి వినేవాడు. ఇన్‌టేక్ బావి దగ్గర నిలబడి నీళ్ల రంగు గురించి మాట్లాడుకునేవారు. అందులో ఇంటి సంగతులూ ఉండేవి, కోళ్ల సంగతులూ ఉండేవి. నేను లెక్క వేసింది ఆ కోళ్ల సంగతులనే. ఒకే కుర్చీకి రెండు జీతాలు ఎందుకని నోట్ రాశాను. కొత్త సాఫ్ట్‌వేర్‌లో హ్యాండోవర్ ఫారం నింపి వెళ్లిపోతే చాలన్నాను. యాజమాన్యానికి నచ్చింది. అరగంట పోయింది. ఆ పొదుపు లెక్కలో ఒక కాంట్రాక్టు పోస్టు అదనమని తేలింది. ఆ పోస్టు అక్కడ అందరికన్నా పాతవాడైన ఆపరేటర్‌ది.

హెల్పర్‌గా చేరి ఆపరేటర్ అయిన మనిషి ఆయన. గోదావరి అవతల దుమ్ముగూడెం వైపు ఊరు. పాత లాగ్ బుక్కుల్లో గళ్లు అయిపోయాక మిగిలిన అంచు మీద ఎర్ర పెన్నుతో రాసేవాడు. ఆ బుక్కులను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు గళ్లలోని అంకెలు తీసుకుని అంచులు వదిలేయమని కుర్రాళ్లకు చెప్పింది నేనే. రిమార్కుల గడి కూడా తీసేసి దాని చోట రెండు మాటల మెనూ పెట్టాను: సాధారణం, అసాధారణం. అప్పుడే ఆయన నా దగ్గరికి వచ్చాడు. “సార్, కొత్తనీళ్లకు ఒక లెక్కుంటది. అది ఈ రెండు మాటల్లో పట్టదు. ఎండాకాలం ఎట్ల చేసినా సరే, వానాకాలం మాత్రం ఆ అరగంట ఉండనియ్యండి” అన్నాడు. పంపు మాన్యువల్లో అలాంటిదేమీ లేదని నేను చెప్పాను. ఆయన ఇంకేమీ అనలేదు. ఆయన చెప్పే లెక్క ఏమిటో ఒక్క నిమిషం ఆగి అడగాలని నాకు తోచలేదు. నా మూర్ఖత్వమంతా ఆ నిమిషంలోనే ఉంది.

భద్రాచలంలో గోదావరికి 43 అడుగుల దగ్గర మొదటి హెచ్చరిక, 48 దగ్గర రెండోది, 53 దగ్గర మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71.3. ఇక్కడ పుట్టిన పిల్లవాడికి కూడా ఈ అంకెలు నోటికొస్తాయి. నేను చెప్పే వరద అంత పెద్దదేమీ కాదు. కొత్తనీళ్లు ఒక్కసారిగా ఎర్రగా వచ్చాయి, వాటితో బస్తర్ అడవుల ఆకూ అలమూ, వెదురు ముక్కలూ వచ్చాయి. నడుస్తున్న పంపు ముందున్న జల్లెడ మూసుకుపోయింది, ప్రెషర్ పడింది. పీఎల్‌సీలో నేను రాసిన లాజిక్ ఏ లోపమూ లేకుండా పనిచేసి స్టాండ్‌బై పంపును స్టార్ట్ చేసింది.

అక్కడే దెబ్బతిన్నాం. అలాంటి నిలువు పంపుల పొడవాటి షాఫ్టుకు రబ్బరు బేరింగులుంటాయి. వాటికి శుభ్రమైన నీళ్లే కందెన. నీళ్లు అందకుండా షాఫ్టు తిరిగితే రబ్బరు కాలిపోతుంది. వాడకుండా నిలబెట్టిన పంపు ముందు కొత్తనీళ్లలో బురద పేరుకుంటుంది, బేరింగు నీళ్ల లైనులో ఉన్న చిన్న ఫిల్టరూ ఆ బురదతో మూసుకుంటుంది. మొదట ఆ ఫిల్టరు విప్పి కడగాలి, నీళ్లు వస్తున్నాయని చేతితో చూసుకోవాలి, ఆ తర్వాతే స్టార్ట్ చేయాలి. వానాకాలం ప్రతి షిఫ్టులోనూ ఒకరికొకరు చెప్పుకుని ఈ పని చేసేవారు. నా లాజిక్‌కు ఫిల్టరు సంగతి తెలియదు. దానికి తెలిసింది ప్రెషర్ ఒక్కటే. బేరింగులు కాలి షాఫ్టు గీసుకుపోయింది. రెండు పంపులూ ఆగాయి. ప్లాంటు లోడు తగ్గించుకోవాల్సి వచ్చింది. మనిషికి ఏమీ కాలేదు, అదొక్కటే దక్కింది. అంతకుముందు షిఫ్టు హ్యాండోవర్ ఫారం తెరిచి చూశాను. సాధారణం అని ఉంది. అబద్ధం కాదు. ఆ కుర్రవాడు దిగే సమయానికి అంతా సాధారణమే.

పోస్టు పోయిన ఆ పెద్దాయనకు ఫోన్ చేశాను. దుమ్ముగూడెం రోడ్డు మీదికి నీళ్లొచ్చాయి, రాలేనన్నాడు. ఊళ్లో కరెంటు లేదు, ఫోన్లో చార్జింగ్ తక్కువుంది, తొందరగా అడగండి సార్ అన్నాడు. ఏ ఫిల్టరు, ఎక్కడుంది, ఏ స్పానర్ పడుతుంది, ఎంతసేపు ఆగాలి, అన్నీ రెండు మూడు వాక్యాల్లో చెప్పాడు. తర్వాత స్టోరు రూములో పాత బుక్కులు వెతికించాను. అంచు మీద ఎర్ర సిరాలో, ప్రతి వానాకాలం మొదట్లో, అదే మాట ఉంది.

ఇది తెలియక చేశానని కూడా నేను చెప్పుకోలేను. 1988 జులై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక పేలి 167 మంది చనిపోయారు. అక్కడ మరమ్మతు కోసం ఒక పంపును ఆపారు. దాని సేఫ్టీ వాల్వును తీసి, ఆ చోట ఒక బిళ్ల బిగించారు. రాత్రి షిఫ్టులో రెండో పంపు ఆగిపోయింది. మొదటిది స్టార్ట్ చేయవచ్చా అని కాగితాలు చూశారు. పంపు మరమ్మతు ఇంకా మొదలవలేదన్న పర్మిట్ కనిపించింది. వాల్వు తీసేశారన్న పర్మిట్ సంగతి షిఫ్టు ఎక్కినవాళ్లకు తెలియలేదు. స్టార్ట్ చేశారు, గ్యాస్ లీకైంది. 1990లో లార్డ్ కలెన్ విచారణ నివేదికలో షిఫ్టు మార్పిడి లోపం గురించి వివరంగా ఉంది. ఈ ఉదంతం మీద కొత్త ఇంజనీర్లకు క్లాసు చెప్పేది నేనే. స్లైడులు నావే. ఎక్కడో సముద్రం మీద ఎవరికో జరిగిన కథగా చెప్పి, తిరిగి వచ్చి ఈ పంప్ హౌస్‌లో అరగంట తీసేయమని నోట్ రాశాను.

అంతకంటే దగ్గర పాఠాలు కూడా ఉన్నాయి. సింగరేణి భూగర్భ గనుల్లో పైకప్పును కర్రతో తట్టి వింటారు. గట్టి బండ ఒకలా మోగుతుంది, పొర విడిచిన బండ బోలుగా మోగుతుంది. ఆ తేడాను ఏ సర్క్యులర్ చెవికి ఎక్కించగలదు? మైనింగ్ సర్దార్ పక్కన నిలబడి వింటేనే వస్తుంది. అశ్వాపురం భారజల కర్మాగారంలో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుతో పని. కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది దానికి. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసననే పట్టలేకపోతుంది. వాసన ఆగిపోయిందంటే ప్రమాదం తప్పిందని కాదు, ఇంకా దగ్గరికి వచ్చి ఉండవచ్చు. నా మెనూలో ఉన్న ‘సాధారణం’ అలాంటిదే.

చెప్పగలిగినదానికన్నా మనిషికి తెలిసింది ఎక్కువ ఉంటుందని మైఖేల్ పొలాన్యీ అనే శాస్త్రవేత్త 1966లోనే ఒక పుస్తకమంతా రాశాడు. జూలియన్ ఓర్ అనే మానవ శాస్త్రవేత్త జిరాక్స్ కంపెనీ మెకానిక్కుల వెంట తిరిగి 1996లో వాళ్ల మీద పుస్తకం తెచ్చాడు. మాన్యువల్ చేతకాని చోట వాళ్లు ఒకరికొకరు చెప్పుకునే కథలతోనే యంత్రాలు బాగుపడుతున్నాయని చూపించాడు. ఆ కంపెనీలోనే, మెకానిక్కులు తమ చిట్కాలు తామే రాసుకునే యురేకా అనే ఏర్పాటు వచ్చింది. ప్రతి చిట్కా కింద అది చెప్పినవాడి పేరు ఉండేది. నా సర్వర్‌లో ఎక్కించినవాడి పేరు ఉండేది. చెప్పినవాడి పేరుకు గడే లేదు.

ఆ పేరు విషయం దగ్గర ఇంకొంచెం ఆగాలి. కాంట్రాక్టు మనిషికి తన తెలివే ఆస్తి. అది ఫారంలో రాసిచ్చిన మర్నాడు తన అవసరం ఉంటుందో లేదో అతనికి తెలియదు. మావాళ్లు తెలిసింది చెప్పరు, దాచుకుంటారని మీటింగుల్లో విసుక్కునేవాణ్ణి. పెద్దాయన దాచుకోలేదు, బుక్కు అంచు మీద రాశాడు, నోటితోనూ చెప్పాడు. ఆయన పోస్టు తీసేశాం. మిగిలినవాళ్లు దానినుంచి ఏం నేర్చుకుని ఉంటారో నేను వేరే చెప్పనక్కర్లేదు. ఏ కంపెనీలోనైనా తెలివి పంచుకోవడం లేదని ఫిర్యాదు వస్తే, పంచుకున్నవాడికి ఏమైందో మొదట చూడాలని ఇప్పుడు నా గట్టి అభిప్రాయం.

అరగంటను తిరిగి పెట్టించాను. మెనూ తీసేసి ఖాళీ గడి పెట్టాను, తెలుగులో రాయవచ్చన్నాను. లాజిక్‌లో బేరింగు నీళ్ల ప్రవాహం చూశాకే పంపు కదిలేలా మార్చి, ఎందుకు మార్చామో, ఎవరు చెబితే మార్చామో ఆ ప్రోగ్రాములోనే రాశాను. ఎర్ర సిరా అంచులన్నీ స్కాన్ చేయించాను. పెద్దాయన్ని వానాకాలం నెలలకు శిక్షకుడిగా పిలిపించమని అడిగాను, ఒప్పుకున్నారు. పోస్టు మాత్రం తిరిగి ఇప్పించలేకపోయాను. ఈ మాట ఆయన ముందు నిలబడి చెప్పాను. “నాకు తెలుసు సార్” అన్నాడు, అంతే.

పాల్వంచ, మణుగూరు, సారపాక వైపు పనిచేసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక విన్నపం. ఈ సంవత్సరం మీ దగ్గర రిటైరయ్యే ఆపరేటర్లు, ఫిట్టర్లు, ఫోర్‌మెన్ ఉంటారు. శాలువా కప్పే రోజు దాకా ఆగకండి. ఒక కుర్రవాణ్ణి వాళ్ల పక్కన ఒక రుతువంతా నడవనివ్వండి, ఆ కుర్రవాడి జీతం దండగని ఎవరైనా నోట్ రాస్తే దాని మీద సంతకం పెట్టకండి. ఇళ్లకు వెళ్లిపోయినవాళ్ల దగ్గరికి మీరే వెళ్లండి. గోదావరి 43 దాటాక అవతలి ఊళ్లకు దారి నమ్మకం లేదు. మే నెలలోనే వెళ్లండి.