నా గడువు తీరలేదు

నేను ల్యాప్‌టాప్‌ని. ఆరో తరం ఐ3 ప్రాసెసర్, నాలుగు జీబీ ర్యామ్‌తో 2016లో తెనాలిలో ఒక తెలుగు మాస్టారింటికి వచ్చాను. వచ్చేటప్పుడే నాలో విండోస్ 10 ఉంది. ప్రశ్నపత్రాలు, పెన్షన్ కాగితాలు, మాస్టారి వ్యాసాలు అన్నీ నా మీదే తయారయ్యాయి.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ముగిసింది. విండోస్ 11 వేయాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసరైనా ఉండాలి. "ఇక పాత సామాన్లకి వేసేయండి" అన్నాడు రిపేరు షాపతను. నా స్క్రీన్ మీద గీత లేదు, ఒక్క మీటా అరిగిపోలేదు. పనిచేస్తున్న యంత్రాన్ని తేదీ చూసి పారేయమనడం అన్యాయమని ఇప్పటికీ అంటాను.

"మామయ్యా, లినక్స్ వేద్దాం" అంది మాస్టారి మేనకోడలు.

"ఈ వయసులో కొత్తది నాకు పట్టుబడుతుందా అమ్మా?"

"మీ ఆండ్రాయిడ్ ఫోన్లో ఉన్నది లినక్స్ కెర్నలే కదా మామయ్యా. రోజూ వాడుతూనే ఉన్నారు."

1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి మూలభాగం, అది. మేనకోడలి మాటతో మాస్టారికి ధైర్యమొచ్చింది.

ఆ అమ్మాయి లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, నన్ను దాని నుంచే బూట్ చేసింది. నా హార్డ్ డిస్క్‌ని ముట్టుకోకుండానే డెస్క్‌టాప్ వచ్చేసింది. వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో అక్కడే చూసుకున్నారు. తర్వాత ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేశారు. ఇది మాత్రం తప్పనిసరి, ఎందుకంటే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొత్తం డిస్క్ చెరిపేసే ఆప్షన్ ఎంచుకుంటే పాతవేవీ మిగలవు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసినవి లినక్స్‌లో నేరుగా తెరుచుకోవు. వాటిని ముందుగానే పీడీఎఫ్‌లు చేసిపెట్టుకున్నారు.

మింట్ ఇన్‌స్టాల్ అయ్యాక, మొదట్లో మాస్టారు సి డ్రైవ్, డి డ్రైవ్ కోసం వెతికారు. ఇక్కడ ఆ పేర్లు లేవు. ఆయన ఫైళ్లన్నీ హోమ్ ఫోల్డర్లో ఉంటాయి. ప్రోగ్రామ్‌ల కోసం సైట్లన్నీ గాలించే పని తప్పింది, సాఫ్ట్‌వేర్ మేనేజర్లో పేరు కొడితే చాలు. తెలుగు టైపింగ్ దగ్గర ఆయన నిజంగా కంగారుపడ్డారు. తీరా టైపింగ్ భాషలు మార్చే ఐబస్ ప్రోగ్రామ్‌లో తెలుగు కీబోర్డుల జాబితా తెరిచి చూస్తే ఇన్‌స్క్రిప్ట్, పోతన, ఆర్‌టీఎస్‌లతో పాటు ఆయన చేతికి అలవాటైన యాపిల్ లేఅవుట్ కూడా ఉంది. 'క్ష' టైపు చేసి, స్క్రీన్ మీద ఒత్తు సరిగా పడిందని చూసుకున్నాకే మాస్టారు కుర్చీలో వెనక్కి వాలారు.

లిబ్రేఆఫీస్‌లో కొన్ని పాత వర్డ్ ఫైళ్ల వరసలు కాస్త చెదిరాయి, సర్దుకోవాల్సి వచ్చింది. నేను మాత్రం మునుపటికన్నా చురుగ్గా పనిచేస్తున్నాను. అప్‌డేట్లు వస్తున్నాయి, ఏది ఎప్పుడు వేయాలో మాస్టారే నిర్ణయిస్తున్నారు.

మీ ఇంట్లోనూ నా ఈడు కంప్యూటర్ ఉంటే, పాత సామాన్లవాడిని పిలిచే ముందు ఒక్క పూట పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి చూడండి.