కేబీఆర్ పార్కా, పాపికొండలా?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి సమదృష్టి ఎక్కువ. హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం, గోదావరికి అటూ ఇటూ పరుచుకున్న పాపికొండ జాతీయ ఉద్యానం దాని లెక్కలో ఒకే హోదా గలవి. రెండింటిలోనూ వేట నిషేధం, పశువుల మేత నిషేధం, చెట్టు కొడితే కేసు. తేడా అల్లా మొదటిది 390 ఎకరాలు, రెండోది 1,012 చదరపు కిలోమీటర్లు. పెద్దదానిలో చిన్నవి ఆరువందలకు పైగా పడతాయి. ఆదివారం పొద్దున కారు నిలుపుకునే జాగా కోసం తగాదాలు మాత్రం చిన్నదాని దగ్గరే జరుగుతాయి.

సెలవులు దగ్గరపడిన హైదరాబాద్ ఇంట్లో ఈ రెండూ పోటీకి దిగడం వింతేమీ కాదు. పిల్లలు అడవి చూపించమంటారు. తల్లి పాపికొండలంటుంది. తండ్రి మిగిలిన లీవులు వేళ్ల మీద లెక్కపెట్టుకుని, “జూబ్లీహిల్స్‌లో ఉన్నదీ నేషనల్ పార్కే కదే!” అంటాడు. అక్షరాలా నిజం. అయినా ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోరు.

నిజానికి తెలంగాణలో జాతీయ ఉద్యానాలు మూడే. కేబీఆర్, వనస్థలిపురం వైపున్న మహావీర్ హరిణ వనస్థలి, చిలుకూరు దారిలోని మృగవని. మూడూ రాజధానిని అంటిపెట్టుకునే ఉన్నాయి. పులులు తిరిగే అమ్రాబాద్, కవ్వాల్ అడవులు టైగర్ రిజర్వులయ్యాయి గానీ నేషనల్ పార్కు అనిపించుకోలేదు. హోదా కావాలంటే హైదరాబాద్‌లో ఉండాలన్న నియమం అడవులకూ వర్తించినట్టుంది.

కేబీఆర్ పార్కు ఒకప్పుడు నిజాం వారి ఆస్తి. ఏడో నిజాం మనుమడు ముకర్రం ఝా నివసించిన చిరాన్ ప్యాలెస్ ఇప్పటికీ లోపలే ఉంది. 1964 నుంచి 1971 దాకా ఉమ్మడి రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన కాసు బ్రహ్మానందరెడ్డి పేరుతో 1998లో దీన్ని జాతీయ ఉద్యానం చేశారు. బండరాళ్లు, పొదలు, పాములు, ముళ్లపందులు, నెమళ్లు ఇక్కడి సంపద. అయితే పగటిపూట విరివిగా కనిపించే ప్రాణి వాకరు. ఇందులో మూడు తెగలు. రిటైరైన అధికారులు గుంపుగా నడుస్తారు, ప్రభుత్వం ఎలా నడవాలో చెప్పుకుంటారు. సాఫ్ట్‌వేర్ వారు ఒంటరిగా నడుస్తూ చెవిలో మీటింగు వింటారు. డాక్టరు చెప్పాడని వచ్చినవారు అడుగులు లెక్కపెట్టుకుంటూ, గేటు బయట తినబోయే ఇడ్లీని తలచుకుంటూ నడుస్తారు.

వీరందరినీ ఒకేసారి ఆపగలిగేది నెమలి ఒక్కటే. తొలకరి రోజుల్లో మగ నెమలి బాట మధ్యకొచ్చి, బదిలీ భయం లేని ఆఫీసరులా తీరిగ్గా నిలబడుతుంది. మెడ ఒకసారి ఇటు తిప్పుతుంది, ఒకసారి అటు. తోక ఈకలు దుమ్ములో ఈడ్చుకుంటూ రెండడుగులు వేసి మళ్లీ ఆగుతుంది. ఫోన్లన్నీ పైకి లేస్తాయి. అది పురి విప్పదు. అందరూ విసిగి ఫోన్లు జేబుల్లో పెట్టుకున్నాక విప్పుతుంది.

ప్రహరీ దాటితే సిగ్నలు, హారన్లు. 2016లో ఫ్లైఓవర్ల కోసం పార్కు చుట్టూ చెట్లు కొట్టబోతే నగర జనం రోడ్డెక్కి అడ్డుకున్నారు. 2020లో కేంద్రం ఈ పార్కు చుట్టూ ఖరారు చేసిన పర్యావరణ రక్షిత మండలం వెడల్పు కొన్నిచోట్ల 3 మీటర్లు, ఎక్కువలో ఎక్కువ 29.8 మీటర్లు. మూడు మీటర్లంటే ఒక కారు పట్టే జాగా. అందులో అప్పటికే కారు ఉంటుంది.

పాపికొండల సంగతి వేరు. 2008లో జాతీయ ఉద్యానమైన ఈ అడవిలో చిరుత, అడవిదున్న, కణితి, గిరినాగు ఉన్నాయి, పెద్దపులీ ఉంది. బోటెక్కిన యాత్రికుడికి వీటిలో ఏదీ కనబడదు. పై డెక్ మీద మైకులో మోగే పాటలు విన్న జంతువు ఏదీ ఒడ్డుకు రాదు. అందుకు యాత్రికుడూ బాధపడడు. టిఫినూ భోజనమూ టికెట్లోనే కలిసి ఉంటాయి గనక అతని దృష్టి ఎక్కువగా వంటలున్న వైపే ఉంటుంది. పులిహోర పళ్లెంలో పడే వేళకే కొండలు దగ్గరకు జరగడం మొదలవుతుంది. రాజమండ్రి దగ్గర అవతలి ఒడ్డు ఆనని గోదావరి ఇక్కడ రెండు కొండవాలుల మధ్య నలిగి, మలుపు మలుపుకీ దారి మూసుకుపోయినట్టే కనిపిస్తుంది. పళ్లెం పట్టుకున్న చెయ్యి కాసేపు ఆగిపోతుంది. మైకులో పాట ఆపితే బాగుండునని డ్యాన్సు చేస్తున్నవాడికే అనిపించే చోటు అది. పేరంటపల్లిలో దిగితే గుడి, పక్కనే సెలయేరు, కొండరెడ్లు అమ్మే వెదురు బొమ్మలు.

ఒక్క విషయంలో మాత్రం నవ్వులాట పనికిరాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి ఎందరో ప్రాణాలు పోయాయి. ఆ తరువాత చాలాకాలం బోట్లు ఆపేశారు. ఉక్కపోస్తోందనీ, ఫొటోలో లావుగా కనబడతామనీ లైఫ్ జాకెట్ విప్పేవారు ఈ తేదీ గుర్తుపెట్టుకోవాలి.

ఇక ప్రయాణం. కేబీఆర్‌కు టికెట్టు గేటు దగ్గరే కొనుక్కోవచ్చు, మెట్రో దిగి నడిచిపోవచ్చు, పదింటికల్లా ఇంట్లో ఉండవచ్చు. పాపికొండలకు రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, సైడ్ అప్పర్‌లో కాళ్లు ముడుచుకుని, తెల్లవారుజామున రాజమండ్రిలో దిగి, అక్కడి నుంచి బండిలో గండిపోచమ్మ గుడి దగ్గరి రేవుకు చేరాలి. ‘అందాల రాముడు’ సినిమా రోజుల్లో రాజమండ్రిలోనే లాంచీ ఎక్కేవారు. పోలవరం ప్రాజెక్టు కట్టడం మొదలయ్యాక రేవులు పైకి జరిగాయి. దేవీపట్నాన్ని ఏటా గోదావరి ముంచుతోంది. ప్రాజెక్టులో పూర్తిగా నీరు నిలిస్తే ఒడ్డున ఇంకా ఎన్నో ఊళ్లు మునుగుతాయి.

కాబట్టి లీవు ఒక్కరోజే ఉంటే తండ్రి మాట, మూడు రోజులుంటే తల్లి మాట నెగ్గాలి. మూడు రోజులుండి కూడా కేబీఆర్‌కు తీసుకెళ్లే తండ్రి మీద పిల్లలు అలగడం న్యాయమే. వరదల కాలంలో బోట్లు తిప్పరు గనక నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్లడం మేలు. సంక్రాంతి వారంలో గౌతమికి టికెట్లు దొరకవు.