వెనక స్ప్రింగు లేనిదాన్ని

నన్ను చూడవచ్చినవాళ్లు మొదట హ్యాండిల్ పట్టుకుని ముందు ఫోర్కును నొక్కుతారు. గట్టిగా నొక్కితే 140 మిల్లీమీటర్ల దాకా దిగి, తొందరపడకుండా లేస్తుంది. ముచ్చటపడతారు. తర్వాత సీటు మీద అరచెయ్యి ఆనించి వెనక నొక్కుతారు. అక్కడ చెయ్యి నొప్పెట్టడం తప్ప ఏమీ జరగదు. "వెనక లేదా?" అంటారు.

లేదు. ముందు సస్పెన్షన్, వెనక ఉత్త ఉక్కు గొట్టాలు. మౌంటెన్ సైకిళ్లలో మా జాతిని హార్డ్‌టెయిల్ అంటారు. రెండు వైపులా స్ప్రింగులున్న ఫుల్ సస్పెన్షన్ బళ్ల పక్కన మేం చవక సరుకు కింద లెక్క. చవకే, కాదనను.

మా వంశం మొదలైన నాటికి ముందు వైపు కూడా ఏమీ లేదు. శాన్ ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన మారిన్ కౌంటీ అనే చోట టామల్‌పైస్ కొండ ఉంది. 1970ల్లో అక్కడి కుర్రకారు పాత ష్విన్ ఎక్సెల్సియర్ సైకిళ్లను, లావు టైర్లతో మహా బరువుగా ఉండేవాటిని, ఏరుకొచ్చి కొండ మీద నుంచి వదిలేవాళ్లు. బ్రేకు వెనక హబ్బులో ఉండేది. పెడల్‌ను వెనక్కి తొక్కితే పడేది. ఆ పక్క కొండ మీది ఒక దారిలో దాదాపు 400 మీటర్ల దిగుడు అయ్యేసరికి హబ్బు కాలిపోయి, లోపలి గ్రీజంతా పొగగా పోయేది. విప్పి మళ్లీ గ్రీజు కూరితే తప్ప ఇంకోసారి దిగడానికి లేదు. అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరు పడింది. 1976 అక్టోబర్ 21న అక్కడ మొదటి పందెం జరిగింది. ఆ గుంపులోని జో బ్రీజ్ మరుసటి ఏడే ఈ పని కోసమని ఒక ఫ్రేము కట్టాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి టామ్ రిచీ చేసిన ఫ్రేములతో దుకాణం పెట్టారు. ముందు ఫోర్కులో సస్పెన్షన్ 1989లో రాక్‌షాక్స్ వాళ్లతో వాడుకలోకి వచ్చింది. ఆ తర్వాత వెనక కూడా పెట్టడం మొదలైంది, వంశం రెండుగా చీలింది. నేను పాత శాఖ తాలూకు.

అయినా 1990ల నాటి మా పెద్దలను ఇప్పుడు చూస్తే నాకే జంకు పుడుతుంది. వాళ్ల ఫోర్కు నేలతో చేసే కోణం 71 డిగ్రీలు, అంటే దాదాపు నిటారు. హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ 12 సెంటీమీటర్లకు తగ్గేది కాదు. కొండ ఎక్కడానికి భేషుగ్గా ఉండేవి. దిగేటప్పుడు ముందు చక్రం ఓ మోస్తరు రాయికి తట్టుకుందంటే మాత్రం, తొక్కేవాళ్లు హ్యాండిల్ మీదుగా వెళ్లి అవతల పడేవాళ్లు. నా కోణం 64. ముందు చక్రం బాగా ముందుకు చాచుకుని ఉంటుంది కాబట్టి ఎంత వాలులోనైనా మనిషి బరువు రెండు చక్రాల నడుమే ఉంటుంది. స్టెమ్ 4 సెంటీమీటర్లే. హ్యాండిల్ మాత్రం 78 సెంటీమీటర్ల వెడల్పు. మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో వెనక చక్రం మీద నిలబడి ప్రయాణం చేస్తాను. మూడో అంతస్తు ఆంటీగారు నన్ను చూస్తే లిఫ్టు ఎక్కరు.

ఆ 64లో చిన్న మతలబు ఉంది. మనిషి ఎక్కగానే ఫోర్కు ఓ 3 సెంటీమీటర్లు కుంగుతుంది. వెనక కుంగేదేమీ లేదు. దాంతో ముక్కు కిందికి వాలి, కోణం ఒక డిగ్రీకి పైనే నిటారవుతుంది. గట్టిగా బ్రేకు కొడితే ఇంకాస్త. ఫుల్ సస్పెన్షన్ వాళ్లకు రెండు వైపులా కలిసి కుంగుతాయి కనుక ఆ కోణం పెద్దగా కదలదు. నన్ను గీసినవాళ్లు ఇది ముందే లెక్కలో వేసుకుని, ఖాళీగా నిలబెట్టినప్పుడు కాస్త ఎక్కువే వాల్చి పెట్టారు. నాకు మరీ పొడుగు ఫోర్కు తగిలించకపోవడానికి కారణం కూడా ఇదే. 'ఇంకో రెండు సెంటీమీటర్లు పెంచితే బాగుంటుంది కదా' అని సలహాలిచ్చే మిత్రులు ఈ సంగతి గమనించరు.

తైవాన్‌లోని తైచుంగ్ నేను పుట్టిన ఊరు. నా ఒళ్లు 4130 రకం ఉక్కు. అందులో క్రోమియం దాదాపు ఒక శాతం, మాలిబ్డినం చిటికెడు. గొట్టాలు చివర్లలో మందం, నడుమ పలచన. అతుకు పడే చోట బలం కావాలి, నడుమ అంత అక్కర్లేదు. ఉక్కు ఫ్రేము మెత్తగా నడుస్తుందని కొందరు కవిత్వం చెబుతారు. నా వెనక ఏ కాస్త మెత్తదనం ఉన్నా అందులో ఎక్కువ వాటా రెండున్నర అంగుళాల టైరుదే.

మా అమ్మాయి, అంటే నన్ను కొన్నావిడ, హైదరాబాద్‌లో ఓ కంపెనీలో డేటాబేసులు చూసుకుంటుంది. వాళ్ల నాన్న కరీంనగర్ జిల్లాలో బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. నన్ను చూడగానే చుట్టూ ఓ ప్రదక్షిణ చేశారు.

"ఏంది బిడ్డా, స్టాండు లేదు, క్యారియర్ లేదు, మడ్‌గార్డు లేదు, బెల్లు లేదు. గిన్ని పైసలు పెట్టి సగం సైకిలే తెచ్చినవ్?"

"వెనక స్ప్రింగు కూడా లేదు బాపూ, అది మర్చిపోయినవ్."

ఆయన ముప్ఫయ్యేళ్లు అట్లాస్ తొక్కిన మనిషి. నాది 29 అంగుళాల చక్రమని, తనది 28 అని విని, "అంటే మాకంటె పెద్దదే" అని కాస్త చిన్నబుచ్చుకున్నారు. ఆ అవసరం లేదు. ఆయన సైకిల్ రిమ్ము, టైరు కూర్చునే చోట, 635 మిల్లీమీటర్లు. నాది 622. లావు టైరు తొడుక్కుని 29 అనిపించుకుంటున్నానే గానీ, రిమ్ముకు రిమ్ము కొలిస్తే ఆయన అట్లాసే పెద్దది. సాహిబాబాద్‌లోని అట్లాస్ ఫ్యాక్టరీలో 2020 జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినం నాడే, పని ఆగిపోయింది. ఆ వార్త పేపరు కత్తిరింపు ఆయన దగ్గర ఇంకా ఉంది.

నేను ఎక్కువగా తిరిగేది ఖాజాగూడ గుట్టల్లో. నానక్‌రామ్‌గూడ అద్దాల మేడల పక్కనే 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు బండలు. ఎండకూ వానకూ పొరలు పొరలుగా ఊడి గుండ్రాళ్లయ్యాయి. ఊడిన పొర పొడిపొడి అయి మొరమైంది. నున్నటి బండ మీద పలచగా మొరం పరుచుకున్న వాలు ఒకటి ఉంది. మా అమ్మాయి దాని అంచుకు రాగానే ఎడమ బొటనవేలితో చిన్న మీట నొక్కుతుంది. సీటు జానెడు కిందికి దిగిపోతుంది. ఇక ఆమె కూర్చోదు. రెండు పెడళ్లూ ఒకే మట్టంలో, మడమలు కిందికి, మోకాళ్లు వదులుగా, బ్రేకుల మీద చెరో వేలు. నాకు లేని స్ప్రింగు ఆ మోకాళ్లే.

కొత్తలో ఇలా ఉండేది కాదు. సీటు అంటిపెట్టుకుని దిగేది. ప్రతి రాయికీ నా వెనక చక్రం ఎగిరి తన్నేది. నేను నేలను దాచను. రాయి అంచు పదునెంతో, ఏ క్షణాన పట్టు తప్పబోతోందో అంతా గొట్టాల గుండా పాదాలకు చేరవేస్తాను. తన్నులు తినీ తినీ ఆమె కళ్లు ముందు చక్రం మీంచి లేచి పది గజాల అవతలికి వెళ్లాయి. ఏ రాయి మీదుగా వెళ్లాలి, దేన్ని తప్పించాలి అన్నది అక్కడే తేలిపోతుంది. ఆ గుట్టల్లో ఆమెకు ఇష్టమైన దారి ఒకటి ఇప్పుడు గోడ వెనక ఉంది. 1996 నుంచీ 'సొసైటీ టు సేవ్ రాక్స్' అనే సంఘం ఈ బండల కోసం పోరాడుతూనే ఉంది. ఆ గోడ కట్టినవాళ్లకు వినపడినట్టు లేదు.

కాస్త దూరం పోవాలనిపిస్తే కారెక్కి వికారాబాద్ దాటి, మూసీ పుట్టిన అనంతగిరి కొండలకు. అక్కడ ఎక్కుడు ఎక్కువ. నాకు ముందు ఒకటే పళ్ల చక్రం, 32 పళ్లు. వెనక పన్నెండు, అన్నిటికన్నా పెద్దది 51. ఆ జోడీలో పెడల్ ఒక చుట్టు తిప్పితే మీటరున్నర కూడా కదలను. నడిచేవాళ్లు మమ్మల్ని దాటిపోవడం కద్దు. మాకు సిగ్గేమీ లేదు.

ఆ దారిలోనే ఒకసారి రోడ్డు పక్క పంక్చర్ షాపు దగ్గర ఆగాం. గాలి తగ్గింది, కొట్టిస్తే చాలు. కానీ షాపతని కన్ను నా వెనక టైరులోని పల్లేరు ముల్లు మీద పడింది.

"ట్యూబ్ తీయాలక్కా."

"ట్యూబే లేదన్నా. ఆగు, ముల్లు తీయకు..."

అప్పటికే పట్కారుతో లాగేశాడు. తెల్లటి పాలు చివ్వున చిమ్మి అతని చొక్కా మీద పడ్డాయి. రెండడుగులు వెనక్కి దూకాడు. మా అమ్మాయి చక్రం తిప్పి, చిల్లు కిందికి వచ్చేలా ఆపింది. బుడగలు వచ్చాయి, చిన్నవయ్యాయి, ఆగిపోయాయి. అతను వంగి చూసి, ఆరిన చుక్కను గోటితో గీకి, వేళ్ల మధ్య సాగదీశాడు.

"జిల్లేడు పాల లెక్కనే ఉందక్కా."

అచ్చం అంతే. లోపల పోసేది రబ్బరు పాల ద్రవం. గాలి బయటికి తోసుకొచ్చే చోట గడ్డకట్టి చిల్లు పూడుస్తుంది. మన ఎండలకు రెండు మూడు నెలల్లో ఆరిపోతుంది, మళ్లీ పోసుకోవాలి. గాలి ఎంత కొట్టమంటావని అడిగాడు. ఇరవై నాలుగు అంది. "కారుకే ముప్ఫై కొడ్తం గదక్కా" అని నవ్వాడు. పైసలు తీసుకోలేదు. ఆ పల్లేరు ముల్లు మన పాత ప్రపంచం నుంచే అమెరికా చేరి, కాలిఫోర్నియాలో మా చుట్టాలను ఏడిపిస్తోంది. బదులుగా అటువైపు నుంచి సర్కారు తుమ్మ ఇక్కడికి వచ్చింది. రెండు ఖండాల్లోనూ పాలు పోసుకోక తప్పడం లేదు.

ముల్లు నయం. వికారాబాద్ చుట్టుపక్కల నల్లరేగడిలో వాన పడ్డాక దిగారో, టైరు చుట్టూ మట్టి పేరుకుని ఫ్రేముకూ చక్రానికీ నడుమ బిగుసుకుపోతుంది. చక్రం తిరగదు. అప్పుడు తొక్కడం కాదు, మొయ్యడమే. మా అమ్మాయి స్నేహితుడి ఫుల్ సస్పెన్షన్ బండి ఒక జల్లులో మాతో వచ్చి, వెనక కీళ్లలోని బేరింగుల్లోకి బురద పోయి నెల తిరక్కుండా కిర్రుమంటూ షాపుకు చేరింది. నాకు ఆ కీళ్లే లేవు. ఇది గొప్పగా చెప్పుకున్నాను గానీ, ఎండాకాలంలో ఖాజాగూడ రాళ్లలో ఆ బండి మమ్మల్ని వదిలేసి దిగిపోయిన మాటా దాచకూడదు. మా అమ్మాయి ఓసారి దాన్ని తొక్కి వచ్చి, చాలాసేపు నావైపు చూడలేదు. దాని మీద కూర్చుని కూడా దిగొచ్చట.

నా ఫ్రేముకు ఢోకా లేదు. దెబ్బలన్నీ వెనక చక్రానివే. రిమ్ము అంచున సొట్టలు పడ్డాయి. పట్కారుతో వంచి సరిచేసిన చోట గాలి నిలవడం లేదు. ఈ ఆదివారం కొత్త రిమ్ము ఎక్కిస్తోంది. టైరు లోపల నురుగు రబ్బరు పట్టీ కూడా వేస్తుందట, రాయి తగిలినప్పుడు రిమ్ము అంచుకు అడ్డుండటానికి. పట్టీ ఉంది కదా, గాలి ఇరవై రెండుకు తగ్గించమని స్నేహితుడు అంటున్నాడు. ఇరవై నాలుగే ఉంచుతానని ఆమె. ఇరవై రెండైతే పట్టు బాగుంటుంది గానీ, సొట్ట పడేది అతని రిమ్ముకు కాదు. నా ఓటు ఇరవై నాలుగుకే.